వాన చూడని భవనం

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. సమయానికి వచ్చి ఉంటే మా ఇంట్లో ఇప్పటికీ ఒకే పొయ్యి వెలుగుతూ ఉండేదేమో అని అప్పుడప్పుడు అనుకుంటాను. కానీ వానని తిట్టి ఏం లాభం? చేసింది మనుషులు, అందులోనూ నా వాళ్ళు.

మా ఇంటి కింది భాగమంతా పత్రిక ఆఫీసు. ముందు గదిలో అక్క బల్ల, దాని వెనక గోడ పొడుగునా పాత సంచికలు, పక్కన నేను ఫొటోలు కడుక్కునే చీకటి గది. అక్క వెనక గదిలో ఉండేది, నేనూ మా ఆయనా మేడ మీద. వంటిల్లు ఒక్కటే. దేశం మొత్తం మీద ఆర్కిటెక్టుల సంఘానికి ఉన్న ఏకైక పత్రిక మాది. పేరుకి సంఘానిదే గానీ, మొదలుపెట్టింది నాన్నా ఆయన స్నేహితులూ. నాన్న పోయాక అక్క ఎడిటరయింది. పెళ్ళి చేసుకోవేమే అని చుట్టాలు ఎవరైనా అంటే, "చేసుకున్నాగా, నెలనెలా కంటున్నా కూడా" అని కొత్త సంచిక తీసి వాళ్ళ చేతిలో పెట్టేది.

ఆ పత్రికకి ఒక పట్టింపు ఉండేది. ఎంత గొప్పవాడు కట్టినా సరే, ఎంత అందంగా కట్టినా సరే, ఒక వానాకాలం పూర్తిగా గడిచేదాకా ఆ కట్టడాన్ని అచ్చు వెయ్యకూడదు. మొదట్లో ఇది లేదట. ఎవరో కట్టిన ఒక పెద్ద బజారు హాలుని రంగు ఆరకముందే ఆహా ఓహో అంటూ కొలతలతో సహా వేశారు. అది చూసి మరో మూడు ఊళ్ళలో అచ్చం అలాగే కట్టారు. వానలొచ్చాయి, నాలుగూ కారాయి. జనం తిట్టింది కట్టినవాణ్ణి కాదు, మా నాన్నని. అప్పట్నుంచీ వానలు వెలిశాక పత్రిక మనిషి స్వయంగా వెళ్ళి, గోడలు తడిమి చూసి, చెమ్మ ఉంటే ఉందని, లేకపోతే లేదని నాలుగు ముక్కలు రాయడం అలవాటు చేశారు. దాన్ని మేము 'పరిశీలన' అనేవాళ్ళం.

మారుమూల ఊళ్ళలో ఒక్కడే ఆర్కిటెక్టు ఉంటాడు. అనుమానం వస్తే అడగడానికి పక్కన ఇంకొకడు ఉండడు. అలాంటి వాళ్ళందరూ మా కొలతల పేజీ మీద పల్చటి కాగితం పరిచి గీసుకునేవాళ్ళు. పరిశీలనలో బాగుందని ఉంటే కళ్ళు మూసుకుని కట్టేసేవాళ్ళు. చాలా ఏళ్ళుగా ఆ పరిశీలన రాసేది నేను, ఫొటోలు తీసేదీ నేనే. పెద్ద పెద్దవాళ్ళ భవనాలకి వెళ్ళి, బీరువాలు జరిపించి మరీ వెనక గోడలు ముట్టుకుని చూసేదాన్ని. నన్ను చూస్తే కొందరికి తేలు కుట్టినట్టుండేది. నాకది గర్వంగా ఉండేది, దాచుకోవడం దేనికి?

మా ఆయన కూడా ఆర్కిటెక్టే. ఆ చలికాలం చివర్లో ఆయన కట్టిన సంఘ భవనం పూర్తయింది. పోటీలో నెగ్గి తెచ్చుకున్న పని అది. పైకప్పు మీద పడ్డ వాన నీళ్ళు బయటికి కనిపించకుండా, స్తంభాల లోపల దాచిన గొట్టాల్లోంచి నేలలోకి దిగిపోయేలా ఏర్పాటు చేశారు. బయట ఒక్క తూము లేదు, ఒక్క గొట్టం లేదు. భవనం అప్పుడే స్నానం చేసి వచ్చిన పిల్లలా ఉండేది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, వాన మాత్రం ఇంకా చూడలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున మా ఆయన అన్నారు, "ఆఫీసు గోడకి పెద్ద ఫొటో ఒకటి పెట్టుకుందామే. తీసిపెట్టవూ."

వెళ్ళాం. ఆకాశం మబ్బు పట్టి ఉంది, ఎండాకాలపు ఉత్తుత్తి మబ్బు. ముందు పరిచిన రాతినేల పొడిగా, బూడిద జల్లినట్టు ఉంది. పొడి నేల ఫొటోలో ఏడ్చినట్టుంటుంది, తడిపితే నిగనిగలాడుతుంది, స్తంభాలు అద్దంలో చూసుకున్నట్టు అందులో కనిపిస్తాయి. భవనాల ఫొటోలు తీసేవాళ్ళందరూ చేసే పనే ఇది, ఇందులో దొంగతనం ఏమీ లేదు. తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు పైపు అడిగి తెచ్చుకుని మా ఆయనే ప్యాంటు మడిచి తడపడం మొదలుపెట్టారు.

"ఆ మూల ఇంకా పొడిగా ఉంది" అన్నాను కెమెరా వెనక నుంచి.

"పురుగుని కూడా వదలదు నీ చూపు. ఇదిగో, చాలా?"

"చాలు చాలు, నా మీద కొడుతున్నారేంటి!"

"నువ్వు కూడా కాస్త నిగనిగలాడతావని."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతలా నవ్వుకున్న పొద్దు ఇంకోటి గుర్తులేదు. ఫొటోలు కూడా అలాగే వచ్చాయి.

కడిగి ఆరబెట్టాక అక్క బల్ల మీద పరిచాను. "ఫ్రేము కట్టించడానికి ఏది బాగుందో చెప్పు."

అక్క భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "మూడోది. అప్పుడే వాన వెలిసినట్టుందే."

"పైపుతో తడిపారు మీ మరిదిగారు."

"తెలుస్తూనే ఉందిలే" అని నవ్వింది. "రెండ్రోజులు నా దగ్గర ఉంచు. తీరిగ్గా చూసుకుంటాను."

ఉంచాను. సొంత అక్క ఫొటోలు చూసుకుంటానంటే రసీదు రాయించుకుంటామా?

ఆ వారంలోనే సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ఊళ్ళో ఏ కొట్టు తెరిచినా కత్తెర పట్టుకుని తయారయ్యేవాడు కాబట్టి మేము చాటుగా ఆయన్ని రిబ్బను గారు అనేవాళ్ళం. నేను చీకటి గదిలో ఉన్నాను. తలుపుకి అవతల మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"పత్రికకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. స్వర్ణోత్సవ సంచిక మీద మన సొంత భవనం లేకపోతే బాగుంటుందామ్మా?"

"వానలు వెలిశాక వేస్తామండీ."

"వానలు వెలిసేసరికి సర్వసభ్య సమావేశం అయిపోతుంది. పత్రిక ఇంక అక్కర్లేదు, నాలుగు రంగుల పేజీలు వేసి ప్రకటనలు వేసుకుందాం అని తీర్మానం పెట్టబోతున్నారు. దాన్ని ఆపాలంటే నేను నిలబడాలి. నేను నిలబడాలంటే నాకూ చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. నీ వాన కోసం దేశమంతా ఆగుతుందా?"

"ఇన్నేళ్ళూ ఆగింది కదండీ" అంది అక్క.

ఆ మాటకి చీకట్లో నాకు ఒళ్ళు పులకరించింది. బయటికొచ్చాక అక్కకి టీ పెట్టిచ్చి, "భలే చెప్పావే" అన్నాను. అక్క టీ చల్లారిపోయేదాకా చేతిలో పట్టుకుని కూర్చుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది తన పని అనుకుని జాలిపడ్డాను.

స్వర్ణోత్సవ సంచిక కట్టలు ప్రెస్సు నుంచి ఒక మధ్యాహ్నం వచ్చాయి. ఎప్పుడూ మొదటి కట్ట విప్పేది నేనే. తాడు కోసి కాగితం చింపగానే మూడో ఫొటో కనిపించింది, అట్ట మీద. లోపల ఇంకా నాలుగు. వాటి కింద ఇలా ఉంది: 'పోయిన వానాకాలంలో, వాన వెలిసిన గంటలో తీసినవి.' పక్క పేజీలో కొలతలు, స్తంభాల లోపలి గొట్టాలతో సహా. దాని కింద పరిశీలన: 'ప్రతి గోడా తడిమి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు.' చివర నా పేరు.

తడిమి చూశాను అన్నది నా మాట. ప్రతి పరిశీలనలోనూ నేను అలాగే మొదలుపెడతాను. ఫొటోలు సరే, పేరు సరే, చివరికి నేను మాట్లాడే తీరుని కూడా వదల్లేదు అక్క.

బల్ల దగ్గరికి వెళ్ళాను. "అక్కా, ఏంటిది?"

తల ఎత్తలేదు. "సంచిక."

"పోయిన వానాకాలానికి ఆ భవనానికి పైకప్పే లేదు."

"నాకు తెలీదా?"

"మరి?"

"మరేముంది? నెల తిరక్కుండా వానలొస్తాయి. నువ్వే వెళ్ళి చూస్తావు. మరిది పనితనం నాకు తెలుసు, చుక్క కారదు. జరగబోయేది కాస్త ముందు చెప్పాం, అంతేగా."

"చెప్పాం కాదు. నేను చెప్పినట్టుంది. నా పేరెందుకు పెట్టావు? నీ పేరు పెట్టుకోవాల్సింది."

అప్పుడు తలెత్తింది. "నీ పేరు లేకపోతే ఎవరు నమ్ముతారే?"

ఎంత మామూలుగా అందంటే, నన్ను మెచ్చుకుంటోందేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

మేడెక్కాను. మా ఆయన కొత్త పనికి సంబంధించిన గీతలేవో గీసుకుంటున్నారు. "మీకు తెలుసా?" అన్నాను. దేని గురించని ఆయన అడగలేదు.

"వదినగారు అడిగారు. సరేనన్నాను."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవుగా."

అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అప్పటిదాకా అదేదో నాటకాల్లో మాట అనుకునేదాన్ని.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఆఫీసు ఫోను మోగింది. అక్క ప్రెస్సుకి వెళ్ళింది, నేనే ఎత్తాను. అవతల పెద్దాయన గొంతు, కాస్త గట్టిగా, దూరపు ఫోన్లు చేసేవాళ్ళు అరిచినట్టు.

"పత్రిక ఆఫీసేనా అమ్మా? నేనో చిన్న ఊరి ఆర్కిటెక్టుని. మీ మొదటి సంచిక నుంచీ చదువుతున్నాను. మా ఊళ్ళో పురుళ్ళ ఆసుపత్రి కడుతున్నాను తల్లీ. గొట్టాలు స్తంభాల్లో పెడదామా వద్దా అని ఏడాదిగా కొట్టుకుంటున్నాను. మీ పరిశీలన చూశాక ధైర్యం వచ్చేసింది. ఎల్లుండి కాంక్రీటు పోయిస్తున్నాను. ఓసారి థాంక్స్ చెబుదామని చేశాను."

బాలింతలూ పసిగుడ్డులూ పడుకునే చోటు. లోపల ఒక్క గొట్టం పగిలినా స్తంభమే పగలగొట్టాలి.

"పోయించకండి" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఆ భవనం మీద ఇంకా వాన పడలేదండి. పడి, అది తట్టుకుందని తేలాక చూద్దురు గాని. అందాకా గొట్టాలు బయట పెట్టుకోండి."

"మరి అచ్చులో ఉందే..."

"ఎక్కడో పొరపాటు జరిగిందండి."

అక్క చేసిందని చెప్పడానికి నోరు రాలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు ఇంటి మనిషిని పలచన చేసుకోవడం దేనికని ఊరుకున్నాను. ఆయన ఇంకేమీ గుచ్చి అడగలేదు. "చల్లగా ఉండు తల్లీ, మంచిపని చేశావు" అని పెట్టేశారు.

అక్క రాగానే ఉన్నదున్నట్టు చెప్పాను. "ఈయన ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. చెయ్యనివాళ్ళు ఎంతమందో! వచ్చే సంచికలో సవరణ వెయ్యి. వెయ్యకపోతే సమావేశంలో నేనే లేచి చెప్తాను."

అక్క దగ్గరికొచ్చి తల మీద చెయ్యి వేసింది. అమ్మ పోయాక నాకు జడలు వేసిన చెయ్యి అది. "వేస్తాను. నువ్వన్నదే న్యాయం. నాన్న ఉన్నా అదే చెప్పేవాడు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ పూట కడుపు నిండా తిన్నాను. తప్పు చెయ్యనివాళ్ళెవరు, దిద్దుకుంటోందిగా అని మా ఆయనతో కూడా రెండు మాటలు మాట్లాడాను. ఆయన ఊఁ కొట్టి అటు తిరిగి పడుకున్నారు.

సవరణ వచ్చింది. మాటిచ్చినట్టే, అందరికీ కనిపించేలా మొదటి పేజీలో, చుట్టూ గడి కట్టి మరీ వేసింది. 'గత సంచికలోని సంఘ భవనం ఫొటోలు వానాకాలంలో తీసినవి కావు. రెండు వేరువేరు ఫిల్ములు కలిసిపోయి, ఫొటోగ్రాఫరు తేదీలు తారుమారు చేయడం వల్ల ఈ పొరపాటు జరిగింది. పరిశీలన కూడా వేరే భవనానికి చెందినది. విషయం తెలిసిన వెంటనే పాఠకుల ముందు ఉంచుతున్నాము.' ఆ నెల ప్రూఫులు దిద్దింది మా ఆయన. ఈ ముక్క కూడా ఆయన చేతుల మీదుగానే వెళ్ళింది.

అరవాలనుకుని వెళ్ళాను. సంచిక తన ముందు పెట్టాను. "నేనా అక్కా తారుమారు చేసింది?"

అక్క లేచి గది తలుపు వేసింది, ఆఫీసులో పనిచేసేవాళ్ళు వినకుండా. "చూడు. పత్రికే అబద్ధం ఆడిందంటే రేపు సమావేశంలో పత్రిక ఉండదు. నువ్వు పొరబడ్డావంటే నువ్వెక్కడికీ పోవు. నా చెల్లెలివి."

ఆ మాట అంటున్నప్పుడు అక్క గొంతులో జాలి ఉంది. నాకు అన్యాయం చేస్తున్నానని తనకి తెలుసన్నమాట. తెలిసే చేసింది. ఎంత బరువు పెట్టినా మోస్తానని ధీమా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. నేను నానబోసింది నా చిన్నతనం అంతా.

మర్నాడు బజారుకెళ్ళి ఇంకో పొయ్యి కొనుక్కొచ్చి మేడ మీద పెట్టుకున్నాను. చీకటి గది తాళంచెవి అక్క బల్ల మీద పడేశాను. అక్క తీసి సొరుగులో వేసుకుంది. మా ఆయన మాత్రం కొన్నాళ్ళు పైనా తిన్నారు, కిందా తిన్నారు. ఎవరినీ నొప్పించని మనిషి మరి.

చివరికి వానలొచ్చాయి. వస్తూనే కుండపోత. వారమంతా ఎడతెరిపి లేదు. ఒక సాయంత్రం మా ఆయన నన్ను బలవంతాన సంఘ భవనానికి తీసుకెళ్ళారు. బయట నీళ్ళు ధారలు కడుతున్నాయి, లోపల పొడిగా, వెచ్చగా ఉంది. గోడలు తడిమాను. అలవాటైన చేతులు ఊరుకోవుగా. చెమ్మ లేదు. పైకప్పు కింద మూలలు చూశాను, అక్కడా లేదు. స్తంభానికి చెవి ఆనిస్తే లోపల నీళ్ళు గలగలా దిగిపోతున్నాయి.

"చూశావా!" మా ఆయన చిన్నపిల్లాడిలా గంతులు వేసినంత పనిచేశారు. "ఒక్క చుక్క లేదు! చెప్పలేదూ? ఇప్పుడు అంతా సరిపోయినట్టేగా?"

భవనం కారితే బాగుండునని నేనెప్పుడూ అనుకోలేదు, ఒట్టు. బాగా కట్టారు, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ ఆయన ముఖంలోని సంతోషం చూస్తే నాకు తెలిసిపోయింది. గోడ పొడిగా ఉంది కాబట్టి నాకు జరిగింది కూడా ఆరిపోయిందనుకుంటున్నారు ఆయన. నటన కాదు, నిజంగానే అనుకుంటున్నారు. నేను గొడుగు తీసుకుని ఇంటికి నడిచాను.

సమావేశం ఆ పొడి హాల్లోనే జరిగింది. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ తీర్మానం సంగతి ఏమవుతుందో చూడాలనిపించింది. నాన్న పత్రిక కదా, పోవాలని నాకు మాత్రం ఉంటుందా? రంగుల పేజీల వాళ్ళు గట్టిగానే మాట్లాడారు. తర్వాత వెనక వరసల్లోంచి చిన్న ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచారు. అందరూ ఒకటే మాట. ఏ పత్రికైనా తప్పు దాచుకుంటుంది, మొదటి పేజీలో గడి కట్టి సొంత మనిషి తప్పుని బయటపెట్టిన పత్రికని ఎక్కడైనా చూశామా? సొంత చెల్లెలని కూడా చూడలేదు, అదీ నిజాయితీ అంటే! చప్పట్లు మోగాయి. తీర్మానం ఓడిపోయింది. రిబ్బను గారు అక్కకి పూలగుత్తి ఇచ్చారు.

నేను గుమ్మం వైపు నడుస్తుంటే అక్క జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నన్ను పట్టుకుంది. అక్క వెనకే తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన.

"నువ్వేనా తల్లీ ఆ రోజు ఫోన్లో మాట్లాడింది?" గొంతు వినగానే గుర్తుపట్టాను, అదే అరుపు. "గొట్టాలు బయట పెట్టించేశాను. ఆసుపత్రికి పైకప్పు వేయడం కూడా అయిపోయింది. నీ పుణ్యమే." అంతటితో ఆగితే బాగుండేది. నా వైపు ఇంకాస్త వంగి, గొంతు తగ్గించారు. "ఫిల్ములు కలిసిపోయాయట కదా. దానికేం తల్లీ, పని చేసేవాళ్ళకే పొరపాట్లు. మనసులో పెట్టుకోకు."

"మీరైనా చెప్పండి" అంది అక్క, నా భుజం చుట్టూ చెయ్యి వేసి. "అప్పట్నుంచీ దిగులు పెట్టుకుని కూర్చుంది. నాతో మాట్లాడటం కూడా మానేసింది."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు, నాకు తెలుసు.

నేను పెద్దాయన ముఖంలోకి చూశాను. "నా ఫిల్ములు ఏవీ కలిసిపోలేదండి. అవి ఎండాకాలంలో తీసినవని అక్కకి ముందే తెలుసు. ఆ పరిశీలన నేను రాయలేదు. అక్క రాసి నా పేరు పెట్టింది."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. పెద్దాయన అక్క వైపు చూశారు. అక్క కాదనలేదు, అవుననలేదు, పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన మళ్ళీ నా వైపు తిరిగి నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు. కన్నకూతురి చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

"అలా అనకు తల్లీ" అన్నారు మెల్లగా. "పత్రికలో చూశాను కదా."

ఆయన మీద నాకు కోపం రాలేదు. పత్రికలో పడ్డదే నిజమని ఆయనకి ఇన్నేళ్ళూ నేర్పినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.